పాటకు పదికి ఎన్ని మార్కులు

విశాఖపట్నం గొప్ప వివాదాలు ఎరగని ఊరు కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో, బడిపిల్లల పుస్తకాలు గ్రాంథికంలో ఉండాలా వ్యావహారికంలో ఉండాలా అని తెలుగు పండితులు రెండుగా చీలిపోయినప్పుడు, పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి పంతులుగారూ విజయనగరం నుంచి గురజాడ అప్పారావుగారూ రంగంలోకి దిగితే, ఈ ఊరి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు వారికి అండగా నిలిచారు. అంతటి చరిత్ర గల ఈ తీరంలో ఇప్పుడు మళ్ళీ ఒక వివాదం రాజుకున్నది. పక్షాలు అప్పటిలాగే రెండు, పట్టుదల కూడా అంతే, పాండిత్యం మాత్రం పెన్‌డ్రైవులలో ఉన్నది. ఒక పాటలో ఎంత ఎనర్జీ ఉన్నదో తేల్చవలసినది సాఫ్ట్‌వేరా, ఆ పాట వేసే డీజేనా అన్నదే ప్రశ్న. గాజువాకలో ఊరేగింపు బండి మీద బాక్సులు కట్టేవారి నుంచి రుషికొండ రిసార్టులలో సంగీత్‌లకు వాయించేవారి దాకా ఈ విషయంలో అభిప్రాయం లేని డీజే నేడు ఊళ్ళో దొరకడు. కనుక ఎవరో ఒకరు నిష్పక్షపాతంగా విచారించవలసిన అవసరం ఏర్పడింది.

విషయం తెలియని పాఠకులకు కొంత వివరణ ఇవ్వాలి. డీజేలు వాడే సాఫ్ట్‌వేర్లు పాట నిమిషానికి ఎన్ని బీట్ల వేగంతో నడుస్తున్నదో, ఏ శ్రుతిలో ఉన్నదో చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. దాని మీద ఎవరికీ పెద్ద పేచీ లేదు. తరువాత అవి పాట స్వభావం గురించి కూడా తమ అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టాయి. మిక్స్‌డ్ ఇన్ కీ అనేది పాటను తనంత తాను పరీక్షించి 1 నుంచి 10 దాకా ఎనర్జీ అంకె వేస్తుంది. రెకార్డ్‌బాక్స్ పాటను ముక్కలుగా విడదీసి, దాని మూడ్‌ను హై, మిడ్, లో అనే మూడు తరగతులలో ఒకదానిలో కూర్చోబెడుతుంది. స్పాటిఫై 2014లో ది ఎకో నెస్ట్ అనే సంస్థను కొని, దానితోపాటు దాని లెక్కలను కూడా ఇంటికి తెచ్చుకుని, ప్రతి పాటకూ 0 నుంచి 1 దాకా ఎంత ఎనర్జీ, డాన్సుకు ఎంత అనుకూలం, ఎంత సంతోషం అని వేరువేరు అంకెలు కట్టింది. ఎనర్జీ అంటే ఏమిటో అర్థం కావడానికి ఆ సంస్థ ఉదాహరణ కూడా ఇచ్చింది: చెవులు చిల్లులు పడే డెత్ మెటల్‌ సంగీతానికి ఎక్కువ వస్తుంది, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ప్రెల్యూడ్‌కు తక్కువ వస్తుంది. బాఖ్ 1750లోనే కాలం చేశాడు కనుక రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఆయనకు లేకపోయింది.

అంకెను నమ్మేవారి వాదన ముందుగా వినాలి, ఎందుకంటే మన జాతి స్వభావానికి అది చక్కగా అతుకుతుంది. ఎల్‌కేజీలో మార్కులు, ఇంటర్‌లో ర్యాంకు, ఆ తరువాత జీతం, ఇలా మనిషిని ఎప్పటికప్పుడు ఒక అంకెగా కుదించుకుని చూడటంలో మనకు ఉన్న అనుభవం తక్కువది కాదు. పిల్లవాడి తెలివినే మూడు గంటల పరీక్షలో తేల్చగలిగినవాళ్ళం, నాలుగు నిమిషాల పాట ఊపును తేల్చలేమా అని వారు అడుగుతారు. పాట ఎలా ఉన్నది అంటే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. 7 అంటే మాత్రం అందరూ తలవూపుతారు, ఎందుకంటే 7తో ఎలా వాదించాలో ఎవరికీ తెలియదు. పైగా దీనిలో నిజమైన ప్రయోజనం ఒకటి ఉన్నది. లాప్‌టాప్‌లో వేల పాటలు, నడుస్తున్న పాట ముగియడానికి అర నిమిషం, తరువాతిది ఏదో తోచక చేతులకు చెమట: అటువంటప్పుడు 6 తరువాత 7, 7 తరువాత 8 అని తెర మీద వరుస కనిపిస్తే, రంగంలోకి కొత్తగా దిగిన కుర్రవాడికి కలిగే ధైర్యం అంతా ఇంతా కాదు. దాని కంటే గొప్ప ప్రయోజనం మరొకటి ఉన్నా దానిని వారు బయటికి చెప్పరు. 8 వచ్చిన పాట వేసినా ఎవరూ కుర్చీలలోంచి లేవకపోతే, తప్పు పాటదీ కాదు, డీజేదీ కాదు, లేవనివారిది.

ఇక ఆ అంకె ఎలా పుడుతుందో చూడాలి. ఫైలులో సెకనుకు 44,100 చొప్పున నమోదైన శబ్ద విలువలను యంత్రం చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక్కొక్క తునకలో బిగ్గరతనం ఎంత, కొత్త దెబ్బలు ఎంత ఒత్తుగా పడుతున్నాయి, హెచ్చు స్థాయి ధ్వనులు ఎంత మెరుస్తున్నాయి, శబ్దం ఎంత గజిబిజిగా ఉన్నది అని కొలుస్తుంది. మనుషులు ముందే విని గుర్తులు పెట్టిన పాటల కొలతలతో వీటిని పోల్చి ఒక అంకెకు వస్తుంది. దీనిలో మోసమేమీ లేదు. ఫైలులో ఉన్నదానిని అది శ్రద్ధగానే కొలుస్తున్నది. ఫైలులో లేని వస్తువుల జాబితాలోకి మాత్రం వింటున్నవారి వయసు, వారు భోజనం చేశారా లేదా, పెళ్ళికూతురి మేనమామకు పెళ్ళికొడుకు తండ్రితో మాటలున్నాయా లేదా అన్నవన్నీ వస్తాయి. విశాఖపట్నంలో ఒక పాట లేచేదీ పడేదీ చాలావరకు వీటి మీదనే అని అనుభవజ్ఞుల మాట.

ఫైలులో ఉన్న విషయంలోనైనా యంత్రానికి కొన్ని పుట్టు అలవాట్లు ఉన్నాయి. అది నాలుగేసి బీట్ల క్లబ్బు సంగీతం మధ్య పెరిగిన బిడ్డ. 75 బీట్ల పాటను 150గా, 150ని 75గా పొరబడటం దానికి తరచుగా జరిగేదే, సగమూ రెట్టింపూ దాని చెవికి ఒకేలాగ తోస్తాయి. లారీ మీద డప్పుల జట్టు తిశ్రంలో, అంటే మూడేసి మాత్రల లెక్కలో, ఆరేసి దెబ్బల నడకతో వచ్చినప్పుడు ఒళ్ళు దానంతట అదే కదిలిపోయే ఉత్తరాంధ్ర మనిషికి అక్కడ తికమకపడవలసింది ఏమీ కనిపించదు. యంత్రం మాత్రం ఆ ఆరింటిని నాలుగు గళ్ళలో సర్దడానికి శ్రమిస్తుంది. వేగం తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోము పెట్టుకోకుండా, వాద్యగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించిన పాత రికార్డింగులలో వేగం చరణానికి చరణానికి కొంచెం జరుగుతుంది కదా, అప్పుడు గళ్ళ గీతలు కూడా పక్కకు జారిపోతాయి. అరకు థింసాను తీసుకోండి. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ముల మధ్య స్త్రీలు చేతులు వెనక్కు పెనవేసుకుని మెల్లగా వలయం తిరుగుతారు. ఆ మెల్లదనానికి పదికి ఎన్ని వేస్తారో ఊహించుకోవచ్చు. రేకు తప్పెట్లు గుండెలకు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ళ జట్టుకు దెబ్బల ఒత్తిడిని బట్టి మంచి మార్కులే రావచ్చు, ఆ జట్టు మాత్రం ఎగిరే ముందు ఏ అంకె కోసమూ ఆగదు. ఇక రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖీ పరమేశ్వరుడు అనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసుగారిని ఈ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెడితే ఏమి జరిగి ఉండేదో తలుచుకుంటే జాలి కలుగుతుంది. దాసుగారి మీద కాదు.

వాతావరణం సంగతి కూడా ఉన్నది. నాలుగు గోడల ఏసీ హాలులో బేసు గోడలకు తగిలి మళ్ళీ మనిషి మీదికే వస్తుంది. బీచ్ రోడ్డు పక్క పచ్చిక మీద అదే బేసును తిప్పి పంపేవారు ఎవరూ లేరు, అది బంగాళాఖాతంలోకి వెళ్ళిపోతుంది. లోపల 8 అనిపించిన పాట బయట 6 అనిపించడానికి కారణం పాటలో లేదు, కానీ అంకె రెండు చోట్లా 8గానే ఉంటుంది. కాలం సంగతి ఇంకా విచిత్రమైనది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బయలు ప్రదేశంలో రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ మోగకూడదు. అందువల్ల 8 గంటలకు ఎవరికీ పట్టని పాట 9:45కు వేస్తే, ఇక పావుగంటే మిగిలిందన్న ఒక్క కారణంతో పెద్దలూ పిల్లలూ విరగబడి ఆడతారు. ఆ పావుగంట విలువను ఏ ఎకో నెస్టూ లెక్కకట్టలేదు. సరిగ్గా పదికి వచ్చే కానిస్టేబులు మాత్రం ఒక్క చేయి ఊపి ఎంతటి 10నైనా 0 చేయగలడు. ఈ రంగంలో ఏ పక్షమూ ఎదురు చెప్పని తీర్పు అదొక్కటే.

ఇంతవరకూ చదివి, ఈ వ్యాసం కళ్ళను నమ్మేవారి పక్షమని ఎవరైనా తేల్చుకుంటే తొందరపడినట్టే. "మేము జనాన్ని చూసి వాయిస్తాం" అని గుండె మీద చేయి వేసి చెప్పే డీజేల చూపు రాత్రంతా ఎక్కడ ఉంటుందో దూరం నుంచి గమనించినవారికి తెలుసు: సగం లాప్‌టాప్ తెర మీద, సగం తమను తాము తీసుకుంటున్న రీల్ మీద. వారి అనుభవం గొప్పదే, కానీ ఆ అనుభవం సంవత్సరాల తరబడి ప్రతి పెళ్ళిలోనూ అవే పాటలను అదే వరుసలో ఎంపిక చేయడం చూస్తే, అది కూడా ఒక సాఫ్ట్‌వేరే అయి ఉండాలి, అప్‌డేట్ రావడం మానేసింది. యంత్రం కనీసం వినని పాటకు కూడా చెవి ఇస్తుంది. వీరు పేరు చూసే "ఇది ఆడదు" అని తేల్చేస్తారు. 2024 నవంబరులో స్పాటిఫై తన పాటల అంకెలను కొత్తగా యాప్‌లు తయారుచేసేవారికి ఇవ్వడం ఆపేసినప్పుడు ఈ పక్షం వారు అదేదో తాము గెలిచిన యుద్ధమైనట్టు సంబరపడ్డారు, ఆ సంబరానికి వాయించిన పాటలు కూడా పాతవే.

నిజానికి ఈ వివాదంలో రెండు పక్షాలూ అసలు ప్రమాదం వచ్చే దిక్కు చూడటం లేదు. అంకె సరైనదా కాదా అని కొట్టుకుంటున్నారు తప్ప, అది ఎవరి చేతికి వెళుతుందో ఆలోచించడం లేదు. డీజే సౌకర్యం కోసం పుట్టిన అంకె డీజే దగ్గరే ఉండిపోతుందని ఎవరు చెప్పారు? ఫోన్‌లో పాట వింటూనే దాని ఎనర్జీ ఇంత అని చెప్పే యాప్ ఒకటి పెళ్ళికొడుకు బావమరిది జేబులోకి రావడానికి పెద్ద సాంకేతిక అడ్డంకులేమీ లేవు, బావమరిది జేబులో దానికి చోటు కూడా ఉన్నది. ఆ రోజు రుషికొండలో జరగబోయే సంభాషణను ఇప్పుడే రాసిపెట్టవచ్చు.

"ఏటి డీజే బావూ, ఇది నాలుగేనట గదా? ఎనిమిదిది ఒకటెయ్యి."

"మీ తాతగారు ఆడతన్నారు సార్, పాత పాటని అడిగి మరీ ఏయించుకున్నారు."

"తాత ఆడితే ఏటి? యాప్‌లో నాలుగే ఉంది."

పాత మోనో రికార్డింగులో బేసు సన్నగా, బిగ్గరతనం తక్కువగా ఉంటుంది కనుక నాలుగు రావడంలో వింత లేదు. ఎనభై ఏళ్ళ మనిషి చేతికర్ర పక్కన పెట్టి అడుగు వేయడం ఫైలులో నమోదు కాదు, అందువల్ల బావమరిది దృష్టిలో అది జరగలేదు. పాట మారుతుంది, తాతగారు కూర్చుంటారు, కుర్రవాళ్ళు ఫోనులో సగటు చూసుకుంటారు.

అక్కడి నుంచి ఒప్పందపత్రం దాకా దూరం లేదు. రాత్రి మొత్తం మీద సగటు ఎనర్జీ 7.5కు తగ్గరాదు, తగ్గినచో బకాయి సొమ్ములో కోత విధించబడును, వివాదము తలెత్తినచో పెళ్ళికూతురి వారి యాప్‌ను గాక పెళ్ళికొడుకు వారి యాప్‌నే ప్రమాణముగా తీసుకొనవలెను. ఈ షరతుల కింద సంతకం పెట్టే డీజే ఇక జనాన్ని చూడడు, పాటను వినడు. యాప్ ఏది వింటే మార్కులు వేస్తుందో అది తయారుచేస్తాడు. ట్యూషన్‌లో ముఖ్యమైన ప్రశ్నలు మాత్రమే చదివిన పిల్లవాడి తెలివి అతనికి వెంటనే వస్తుంది. ప్రతి మెలొడీ కిందా చప్పట్ల శబ్దం ఒత్తుగా పరుస్తాడు, మెల్లని చోట్లను నొక్కి బిగ్గరగా చేస్తాడు, పైన సీసం కరిగి పడుతున్నట్టు చిటపటలు చల్లుతాడు. జనం చెవులు మూసుకుంటారు, అంకె పెరుగుతుంది. ఆ తరువాత మిగిలేది అప్పగింతల ఘట్టం ఒక్కటే, దానికి 2 కంటే ఎక్కువ ఎప్పుడూ రాదు, సగటును అదే ముంచుతుంది. కనుక అప్పగింతల పాట కింద నిమిషానికి 128 బీట్ల కిక్ డ్రమ్ము పెట్టి, పల్లవికి ముందు సైరన్ మోగించి, కన్నీళ్ళ చరణానికి బేసు ఒక్కసారిగా విరుచుకుపడే డ్రాప్ ఇచ్చిన రీమిక్స్ బయటికి వస్తుంది. యాప్ దానికి 9 వేస్తుంది. పెళ్ళికూతురి తల్లి ఏడుపు బీటుకు ముందు మొదలుపెట్టాలో తరువాతో తెలియక కొంగు పట్టుకుని నిలబడి ఉండగా, బావమరిది సగటు చూసి, 7.6 అని నిర్ధారించుకుని, బకాయి సొమ్ము ఫోన్‌పేలో పంపిస్తాడు.