రిసార్టు గది పిల్లల్ని చెడగొట్టదు

ఏప్రిల్ చివర బడులకు సెలవులిచ్చే వారంలో ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అదే, బంధువుల గ్రూపులోనూ అదే. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: పిల్లల్ని విమానాల్లో తిప్పి, స్టార్ హోటళ్లలో ఉంచే తల్లిదండ్రులు వాళ్లను చేతులారా పాడుచేస్తున్నారు. ఆ సుఖం ఒకసారి మరిగిన పిల్లలు మళ్లీ స్లీపర్ బెర్తు ఎక్కరు. మన చిన్నప్పుడు సెలవులంటే అమ్మమ్మగారి ఊరే, విలాసం తెలియదు కాబట్టే కష్టం విలువ నేర్చుకున్నాం. ఓపిక పట్టే పిల్లలే పైకొస్తారని అమెరికాలో ప్రయోగం చేసి నిరూపించారు. అందుకని రిసార్టులు మానేసి తీర్థయాత్రకు తీసుకెళ్లండి, ఏసీ లేని గదిలో పడుకోబెట్టండి. లేకపోతే రేపు ప్రతిదీ హక్కుగా అడుగుతారు.

చదవగానే చాలామందికి నిజమే కదా అనిపిస్తుంది. నాకు మాత్రం కోపం వస్తుంది. ఏటా విదేశాలు తిరిగే కుటుంబం ఈ మెసేజ్‌ను చూసి పక్కకు నెట్టేస్తుంది. ఏడాదంతా చీటీ కట్టి, ఆ డబ్బుతో పిల్లలకు మొదటిసారి సముద్రం కనిపించే గది తీసుకున్న చిన్న ఉద్యోగి మాత్రం తానేదో తప్పు చేశానేమోనని కుంగిపోతాడు. అతని కోసమే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

మొదటి మాట, సుఖం మరిగితే మళ్లీ కిందికి దిగరన్నది. ఇందులో సగం నిజం ఉంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడని, కొత్త సుఖం కొన్నాళ్లకు మామూలైపోతుందని ఫిలిప్ బ్రిక్‌మన్, డోనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే రాశారు. 1978లో బ్రిక్‌మన్ బృందం అమెరికాలోని ఇల్లినాయ్‌లో లాటరీ గెలిచినవాళ్లను అడిగి చూస్తే, వాళ్లు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న ఆనందాలు వాళ్లకు చప్పబడ్డాయి. మెసేజ్ రాసినవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. అదే అధ్యయనంలో ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లను కూడా అడిగారు. వాళ్ల సంతోషం మిగతావాళ్ల కంటే తక్కువే గానీ, మనం ఊహించుకునేంత అడుగున లేదు. మనసు సుఖానికి అలవాటు పడినట్టే లేమికీ సర్దుకుంటుంది. అయినా అలవాటు అనేది రోజూ జరిగేదానితో వస్తుంది. మూడు రాత్రుల హోటల్ బస మిగిలిన 362 రాత్రులను తుడిచిపెట్టదు.

అరకు రైలు చూడండి. విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుకు 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అదే రైలుకు జనరల్ బోగీ కూడా ఉంటుంది. ఆ లైను పొడవునా సొరంగాలే. రైలు చీకట్లోకి వెళ్లగానే పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు, తిరిగే కుర్చీల్లో ఉన్నవాళ్లూ పెడతారు, కిటికీ ఊచలు పట్టుకున్నవాళ్లూ పెడతారు. వెళ్లేటప్పుడు విస్టాడోమ్‌లో కూర్చున్న పిల్లలు తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో అమ్మ ఒళ్లో హాయిగా నిద్రపోతారు. ఇది పై మెట్టు, అది కింది మెట్టు అనే లెక్క పెద్దవాళ్లది, పిల్లలది కాదు.

విలాసం అనుకునే ఆ పై మెట్టు కూడా ఒకచోట నిలిచి ఉండేది కాదు. థర్డ్ ఏసీ పెట్టెలు మన రైళ్లకు వచ్చింది 1990లలో. అంతకుముందు ఏసీ ప్రయాణం అంటే చాలావరకు పెద్ద ఆఫీసర్లదే. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద కడప నుంచి హైదరాబాద్‌కు విమానం మొదలైంది. గంట ప్రయాణానికి సగం సీట్ల వరకు 2,500 రూపాయలకు మించకూడదని ఆ పథకంలో పరిమితి పెట్టారు. నిన్న విలాసం అన్నది ఇవాళ రాకపోకల సాధనం. ఈ మెసేజ్‌ను థర్డ్ ఏసీలో కూర్చుని పంపేవాళ్లు వాళ్ల నాన్నల లెక్కలో విలాసంగా బతికేవాళ్లే. అయినా వాళ్లెవరూ చెడిపోలేదు.

ఏసీ లేని గది సంగతి త్వరగా తేల్చేస్తాను. ఏసీ లేకపోతే నిద్రపట్టని పిల్లలు ఇంట్లో ప్రతి రాత్రీ ఏసీలో పడుకునేవాళ్లు. రిసార్టుకు దానితో సంబంధం లేదు. ఎండకు అలవాటు పడడానికి శరీరానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చల్లని గదిలో పెరిగిన పసివాణ్ని మే నెలలో తీసుకెళ్లి రెంటచింతల లాంటి చోట డాబా మీద పడుకోబెడితే వాడికి వచ్చేది క్రమశిక్షణ కాదు, వడదెబ్బ.

ఇక అమ్మమ్మగారి ఊరు. ఈ మాట మీద నేను ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మెసేజ్ మొత్తం దీని మీదే నిలబడింది.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. మేం వెళ్లేసరికి గంగాళంలో నీళ్లు కాగుతుండేవి. తలంటు పోసేవాళ్లు ఒకరు, జడలు వేసేవాళ్లు ఒకరు. ఎవరికి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు పెనం మీద అట్టు పడేది. మామిడిపళ్లు బాల్చీలో నానబెట్టి సిద్ధంగా ఉండేవి, మధ్యాహ్నం ముంజలు వచ్చేవి. డబ్బాల నిండా జంతికలు, సున్నుండలు. సాయంత్రం పెరట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వాల్చి, పక్కలు పరిచేవాళ్లు. తిన్న కంచం అక్కడే వదిలేసి ఆటకు పరిగెత్తేవాళ్లం. ఏ స్టార్ హోటల్‌లోనైనా ఇంతకు మించిన సేవ దొరుకుతుందా? నెల రోజుల పాటు, అడిగినదల్లా, పైసా లెక్క లేకుండా! విలాసం అంటే తెలియకుండా పెరిగామని చెప్పుకునే మనమంతా అందులోనే పెరిగాం.

ఆ విలాసాన్ని మోసింది మా అత్తయ్య. మా అమ్మా, పిన్నీ పుట్టింటికి విశ్రాంతికి వచ్చేవాళ్లు, వాళ్లకది ఏడాదికోసారి దొరికే హక్కు. కానీ ఆడపడుచులంతా పిల్లలతో దిగిన ఆ నెలలోనే అత్తయ్య కూడా తన పుట్టింటికి వెళ్లాలి. ఎలా వెళ్తుంది? పదిహేను మందికి మూడు పూటలా వండాలి, మధ్యలో ఆవకాయ పెట్టాలి, దాని కోసం కారం కొట్టించాలి, కాయలు తుడవాలి, ముక్కలు కొట్టాలి. ఆమె పిల్లలు వాళ్ల అమ్మమ్మ ఇంటికి వెళ్లేది సెలవులు అయిపోవచ్చే ముందు నాలుగు రోజులు. మా ఇంట్లోనే కాదు, మా చుట్టాలందరి ఇళ్లలోనూ ఇదే జరిగేది. ఆమె ఎన్నింటికి లేస్తుందో మాలో ఒక్కరికీ తెలియదు. మేం లేచేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉండేది, మేం పడుకున్నాక కూడా వంటగదిలో దీపం వెలుగుతుండేది.

కష్టం విలువ నేర్చుకున్నాం అంటున్నారు కదా, ఎవరు నేర్చుకున్నారు? పదేళ్లు దాటిన ఆడపిల్లల్ని విస్తళ్లు వేయమని, చిన్నపిల్లలకు అన్నం పెట్టమని, ఇల్లు ఊడ్చమని పిలిచేవాళ్లు. మగపిల్లలు కాలవలో ఈదుతుండేవాళ్లు. ఇప్పుడు ఈ మెసేజ్‌ను గ్రూపుల్లో ఎక్కువగా పంపేది, నేను చూసినంతలో, ఆ కాలవలో ఈదినవాళ్లే. 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతుంటే, మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఆ సెలవులు నిజంగా అందరికీ శ్రమ విలువ నేర్పి ఉంటే ఈ అంకెల మధ్య ఇంత తేడా ఉండేది కాదు.

అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లవద్దని నేననడం లేదు. తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ దొరికే ముద్దు, కథలు, వరసైన పిల్లలతో ఆటలు ఏ హోటల్లోనూ దొరకవు. కానీ దాన్ని నిరాడంబరత అని పిలిచి, మూడు రోజులు గది తీసుకున్న తల్లిని తప్పుపట్టకండి. ఆ గదిలో ఆమె కూడా పొద్దున్న ఇంకొకరు చేసిన ఇడ్లీ తింటుంది. పక్క దులిపే మనిషికి జీతం వస్తుంది, షిఫ్టు అయిపోతే ఇంటికి వెళ్తుంది. ఆ జీతం చాలదన్నది వేరే పోరాటం, నేను అందులో వాళ్ల పక్షమే. మా అత్తయ్యకు ఆ షిఫ్టు అయిపోవడం అన్నదే లేదు.

తర్వాతది అమెరికా ప్రయోగం. వాల్టర్ మిషెల్ 1960ల చివర స్టాన్‌ఫర్డ్‌లో చేసిన మార్ష్‌మాలో పరీక్ష అది. ఇప్పుడు ఒక మిఠాయి తింటావా, కాసేపు ఆగి రెండు తీసుకుంటావా అని చిన్నపిల్లల్ని అడిగారు. ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత ప్రచారమైంది. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, కుటుంబ పరిస్థితిని, చిన్ననాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. నాకు ఇంకా నచ్చింది రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసి 2013లో ప్రచురించిన ప్రయోగం. 28 మంది పిల్లల్లో సగం మందికి మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చారు, మిగతా సగానికి చెప్పి తేలేదు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దల ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల ముందు 3 నిమిషాలు. అంటే చెప్పింది చేస్తారన్న నమ్మకం ఉన్నచోట పిల్లలు ఆగగలిగారు. దసరా సెలవులకు విశాఖ తీసుకెళ్తానని చెప్పి తీసుకెళ్లిన తండ్రి, గది ఎంత ఖరీదైనదైనా, ఓపిక నేర్పుతున్నట్టే. ఊరికే మాట ఇచ్చి మర్చిపోయే తండ్రి సత్రంలో దింపినా నేర్పేది లేదు.

తీర్థయాత్ర సలహా మీద నాకు గౌరవమే. అలిపిరి నుంచి 3,550 మెట్లు పిల్లలతో ఎక్కితే అది మరిచిపోలేని రోజు. అయితే యాత్రలో విలాసం ఉండదనుకోవడం మన కొండ సంగతి తెలిసినవాళ్లు అనాల్సిన మాట కాదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళం ఇస్తే బ్రేక్ దర్శనం ఉంది, సిఫార్సు లేఖలున్నాయి. వృద్ధులతో వెళ్లేవాళ్లు, సెలవు దొరకనివాళ్లు వీటిని వాడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ లెటర్ కోసం నాన్న వారం రోజులు ఎవరెవరికో ఫోన్లు చేయడం, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్న జనాన్ని దాటుకుని మనం ముందుకెళ్లడం చూసిన పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? క్యూ అనేది వేరేవాళ్ల కోసం అని. ఈత కొలను ఆ పాఠం చెప్పదు. అదే పిల్లవాణ్ని తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వరసలో కూర్చోబెట్టండి. పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు, అందరికీ ఒకటే అన్నం, ఒకటే సాంబారు. మెసేజ్ ఈ మాట చెప్పి ఉంటే నేనూ నలుగురికి పంపేదాన్ని.

చివరిది, హక్కుగా అడుగుతారన్నది. ఇది ఒప్పుకుంటాను. అలాంటి పిల్లలున్నారు. గది చిన్నదని రిసెప్షన్ ముందు ఏడ్చేవాళ్లను, వెయిటర్‌ను 'ఏయ్' అని పిలిచేవాళ్లను నేనూ చూశాను. ఆ పిలుపు వాళ్లకు పరుపు నేర్పలేదు, పక్కన కూర్చున్న పెద్దలు నేర్పారు. రూమ్ బాయ్‌ను అన్నా అని పిలిచి, వెళ్లేటప్పుడు చేతిలో కొంత పెట్టి, థాంక్స్ చెప్పే తల్లిదండ్రుల పిల్లలు ఎంత పెద్ద హోటల్లోనైనా అలాగే ఉంటారు.

పిల్లలు అలా హక్కుగా అడగడానికి రెండో కారణం డబ్బు సంగతి దాచడం. ఎంత ఖర్చవుతుందో పిల్లలకు చెబితే వాళ్లు మనసు కష్టపెట్టుకుంటారని చాలామంది భయం. ఎనిమిదేళ్ల పిల్లలకు ఈ లెక్క చక్కగా అర్థమవుతుంది. మన దగ్గర ఇంత ఉంది, కొలను ఉన్న హోటల్లో రెండు రాత్రులా, టూరిజం వాళ్ల హరిత హోటల్లో నాలుగు రాత్రులా, మీరే చెప్పండి అని అడగండి. బిల్లు చేతికివ్వండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,000 గదికి మొత్తం 7,350 అవుతుంది, 8,000 గదికి 9,440. వెయ్యి తేడా అనుకున్నది 2,090 అయింది. శాతాల లెక్క నేర్చుకున్న పిల్లలతో ఇది చేయించండి, గది వాళ్లే మారుస్తారు. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి వెళ్లేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి. అయితే అక్కడ చెడిపోయేది ఇంటి బడ్జెట్, ఆ నిర్ణయం పిల్లలది కాదు.

మెసేజ్ ఎక్కడా తలచుకోని పిల్లలు ఇంకొందరున్నారు. అసలు ఎక్కడికీ వెళ్లనివాళ్లు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం చాలా తరగతుల్లో సెలవుల్లో ఎక్కడికి వెళ్లారో చెప్పమంటారు, వ్యాసం రాయమంటారు. ఒకరు దుబాయ్ అంటారు, ఒకరు ఊటీ అంటారు. నాన్న కొట్లో కూర్చున్న పిల్లవాడు, తమ్ముణ్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉన్న పిల్ల తల దించుకుంటారు. విలాసం వల్ల పిల్లలకు జరిగే నష్టం గురించి నిజంగా బాధపడేవాళ్లు ఈ జూన్‌లో మీ పిల్లల టీచర్‌తో ఒక మాట మాట్లాడండి. ఆ ప్రశ్నకు బదులు, సెలవుల్లో కొత్తగా ఏ పని చేయడం వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని అడగమనండి.