వేప మొద్దు పేలిన రాత్రి

పోయిన ఏడాది మే నెలలో వచ్చిన గాలిదుమారానికి మా ఇంటి ముందరి వేపచెట్టు కూలింది. మాది నకిరేకల్ దగ్గర ఊరు. చెట్టు పడిందని అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే నేను టేపు పట్టుకుని కొలతలు తీస్తున్నాను. హైదరాబాద్ ఫర్నిచర్ షాపుల్లో ధరలు అడిగి అడిగి ఊరికే బయటికొచ్చిన మనిషిని. వేపకు చెదలు అంత తొందరగా పట్టవు, దర్వాజలకు కూడా వాడతారు. నాలుగు మొద్దులు కోయించాను. మూడు స్టూళ్లు, సోఫా ముందర ఒక బల్ల అని లెక్క. సోఫా ఇంకా కొనలేదు, అది వేరే సంగతి.

కోసిన రోజు వడ్రంగి పని చేసే మా వడ్ల మామ వచ్చి మొద్దు కొస మీద అరచెయ్యి పెట్టాడు. చెమ్మ చేతికంటింది.

"అల్లుడా, పొద్దు గూకకముందే కొసలకు ఏదన్న రాయి. మిగిలిన ఆయిల్ పెయింట్ రెండు సార్లు రాస్తే చాలు. అది లేకుంటే తారు రాయి, ఏదీ లేకుంటే పెండ రాయి. ఊకున్నవంటే పర్రెలు వడ్తయి."

పెండ అనగానే నా చదువుకు పౌరుషం వచ్చింది. ఫోన్‌లో వెతికాను. ఒక తెల్లాయన మొద్దులకు కరిగించిన మైనం రాస్తున్నాడు, అద్దంలా మెరుస్తోంది. ఆయన వెనకాల మంచు కురుస్తున్న సంగతి అప్పుడు నా కంటికి ఆనలేదు.

మైనం సంపాదించేసరికి రెండు రోజులు పోయాయి. అది కూడా ఏం మైనం? కిరాణా కొట్లో కొవ్వొత్తులు. అమ్మ నిద్రపోయే టైం చూసి పాలగిన్నెలో వేసి కరిగించాను. వత్తులు తీయాలని తోచలేదు. పాత పెయింట్ బ్రష్‌తో పూసుకుంటూ పోతే మూడు మొద్దులకే సరిపోయింది. అక్కడక్కడ వత్తులు అంటుకుని మొద్దులకు మీసాలు మొలిచినట్టుంది. నాలుగోది చూసి అమ్మ నా వంక, పాలగిన్నె వంక మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు టెన్షన్. వాకిలికి కలిపిన పెండలో ఇంత ఎర్రమట్టి పిసికి, రెండు కొసలకూ దట్టంగా మెత్తి చేతులు కడుక్కుంది. పది నిమిషాల పని.

మర్నాడు ఎండ 44 డిగ్రీలు. పడమటి గోడ పక్కన పెట్టిన నా మొద్దులు మూడింటికీ మధ్యాహ్నానికల్లా ముక్కులు కారడం మొదలైంది. మైనం బొట్లు బొట్లుగా జారి, కింద చీమలదారి మూసుకుపోయింది.

మూడో రోజు రాత్రి ఒంటిగంటకు "ఠప్" అని ఒక చప్పుడు. కాసేపాగి ఇంకొకటి. నాన్న చేతికర్ర అందుకున్నాడు. ఎదురింటాయన ట్రాన్స్‌ఫార్మర్ పేలిందన్నాడు, ఆయన భార్య కాదు తుపాకీ అంది. టార్చిలైట్లు, కుక్కలు, లుంగీలు ఎగ్గట్టిన మగవాళ్లు వాకిట్లో గుమిగూడారు. నేను దుప్పట్లోంచే "ఎవరు?" అని గట్టిగా అడిగి నా వంతు ధైర్యం చూపించాను. అందరూ ఊపిరి బిగబట్టి ఉండగా, వాళ్ల కళ్ల ముందే మూడో మొద్దు నడిమి నుంచి అంచు దాకా "ఠప్" అంది. ఇక ఎవరూ నిద్రపోలేదు, నవ్వుతూ కూర్చున్నారు.

పొద్దున వడ్ల మామ వచ్చి పగులులో రూపాయి బిళ్ల పెట్టి చూశాడు. లోపలికి పోయింది. తిరిగి రాలేదు.

"చెట్టు నీళ్లు తాగే గొట్టాలన్నీ నిలువునే ఉంటయి అల్లుడా. అడ్డం కోస్తే అన్నిటి నోళ్లు తెరుచుకున్నట్టే" అన్నాడు. పక్కల కంటే కొసల నుంచి చెమ్మ పది పదిహేను రెట్లు వేగంగా పోతుందట. కొస ఎండి ముడుచుకుంటుంది, నడుమ పచ్చిగా ఉండి కదలనంటుంది. ఉతికితే ముడుచుకున్న బనీనులోకి నా పొట్టను దూర్చినప్పుడు కుట్టు పడే పాటే కొస కూడా పడుతుందన్నమాట. అందుకే కోసిన రోజే రాయాలి, నీడలో పెట్టాలి. నేను రెండు రోజులాగి, ఎండలో పెట్టి, కరిగేది రాశాను.

అమ్మ మొద్దుకు మాత్రం వెంట్రుక మందం గీతలు రెండే. "గుండ్రంగ ఉంచితే ఇది గూడ ఆగదు" అని మామ దాన్ని నడిమికి చీల్చి పలకలు కోయించాడు. అంగుళం మందానికి ఏడాది లెక్కన ఆరాలి. మావి రెండంగుళాలవి. సోఫా కొనడానికి నాకూ టైం దొరికింది.

నా మూడింటిలో రెండు పొయ్యిలోకి పోయాయి. మైనం ఉండడం వల్ల బాగా అంటుకున్నాయని అమ్మ మెచ్చుకుంది. మూడోది వాకిట్లో కూర్చోవడానికి ఉంది. ఆ పర్రెలో ఆమె కరెంటు బిల్లులు దోపుతుంది. ఇప్పుడు మీటర్ చూసే అబ్బాయి కూడా ఇంట్లోకి కేకేయడు. బిల్లు చింపి, మొద్దులో దోపి పోతున్నాడు.