అంబాసిడర్ ఇంజిన్‌కి చెవీ ఆరెంజ్ ఎందుకు?

ఒడిశాలోని మా జయపురంలో పాత అంబాసిడర్‌ని హాట్ రాడ్‌గా, అంటే వేగం కోసం మార్చిన పాత బండిగా, కట్టాలని తిరిగే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా సంతోషం. తుక్కుకి పోవాల్సిన బండిని డబ్బు పోసి, ఓపిక పోసి నిలబెడుతున్నారు. కానీ ఇంజిన్‌కి రంగు అనేసరికి అందరి ఫోన్లలోనూ ఒకటే ఫొటో. మెరిసే నారింజ రంగు ఇంజిన్ బ్లాక్, దాని మీద క్రోమ్ మూత. అది కాదంటే నిలువెల్లా నలుపు. ఈ రెండూ మన బండికి పనికిరావని నా గట్టి అభిప్రాయం.

ముందు నారింజ సంగతి. హాట్ రాడ్ అనేది కాలిఫోర్నియాలో పుట్టింది. అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డు కార్ల బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మీద పరిగెత్తించేవారు. 1932లో ఫోర్డు చవకలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఇచ్చాక అది ఊపందుకుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశమంతా పాకింది. 1955లో షెవర్లే చిన్న వీ8 వచ్చింది. ఆ ఇంజిన్‌తోనే పేరుపడిన నారింజ రంగు చెవీ ఆరెంజ్, షెవర్లేనే ముద్దుగా చెవీ అంటారు. ఫోర్డు 1966 నుంచి తన ఇంజిన్లకు నీలం వేసింది. అంటే అక్కడ రంగు చూడగానే ఇది ఫలానా ఇంటి ఇంజిన్ అని తెలిసిపోతుంది. నాలుగు సిలిండర్ల అంబాసిడర్ ఇంజిన్‌కి ఆ నారింజ కొడితే, తెలిసినవాడి కంటికి అది వేరేవాళ్ల ఇంటిపేరు పెట్టుకున్నట్టే.

మన ఇంజిన్‌కి ఇంటిపేరు లేదా? బ్రహ్మాండంగా ఉంది. అంబాసిడర్ అంటే ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైంది. 1990ల్లో ఇసుజు ఇంజిన్ వచ్చేదాకా పెట్రోలు బండిలో ఎక్కువ కాలం ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్, 1489 సీసీ. అప్పట్లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పరిగెత్తింది కూడా ఈ కుటుంబం ఇంజినే. ఇంత మంచి వంశం ఉన్నదానికి అరువు రంగు దేనికి?

ఇక నలుపు. దీని మీదే నాకూ మా మేస్త్రీకీ పెద్ద వాదన.

"నలుపు కొట్టేద్దాం బాబూ, మురికి కనబడదు" అన్నాడు.

"కనబడాలనే కదా మేస్త్రీ, నేను అడుగుతున్నది!"

బీ సిరీస్ ఇంజిన్ విప్పినవాళ్లకు తెలుసు, అది ఆయిల్ ఎక్కడెక్కడ కారుస్తుందో. పైన రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) కింద కార్క్ ప్యాకింగ్. ఎడమ పక్క, మానిఫోల్డ్ (గాలి, పొగ గొట్టాలు) కింద దాక్కుని ఉండే రెండు ట్యాపెట్ కవర్లు, అంటే పక్క మూతలు. వెనక క్రాంక్ (ఇంజిన్లో తిరిగే ప్రధాన షాఫ్ట్) దగ్గర ఈ పాత ఇంజిన్లలో రబ్బరు సీలు ఉండదు, షాఫ్ట్ మీద కోసిన మరలాంటి గాడే ఆయిల్‌ని వెనక్కి తిప్పాలి. ట్యాపెట్ కవర్ బోల్టు కాస్త లూజైతే మొదట సన్నటి తడిగీత పడుతుంది. దానికి దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. లేత రంగు మీద ఆ గీత మొదటి రోజే కనబడుతుంది, పైనుంచి కిందికి వేలు పెట్టి చూపించినట్టు. నల్ల ఇంజిన్ మీద మాత్రం డిప్‌స్టిక్ తీసి చూసి, ఆయిల్ ఏమైందని కంగారు పడేదాకా తెలియదు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడా ఆ సంగతి తెలియాలి?

నల్లరంగు వేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్న మాట కూడా ఇక మానేయాలి. ఇంజిన్ వేడిలో నీళ్లు, రేడియేటర్ మోసుకుపోయేది మోసుకుపోతుంది, సైలెన్సర్ గుండా పోయేది పోతుంది. ఇంజిన్ బ్లాక్ పైపొర నుంచి గాల్లోకి వెళ్లేది తక్కువ. అందులోనూ మామూలు పెయింట్ నలుపైనా తెలుపైనా ఆ వేడిలో విడిచేది దాదాపు ఒకటే. తేడా తెచ్చేది మందం. పాత పెయింట్ గీకకుండా పొర మీద పొర, పైన లప్పం, దాని మీద మళ్లీ రంగు వేస్తే దుప్పటి కప్పినట్టే.

ఎంజీఏ ఇంజిన్లకు మెరూన్ లాంటి ఎరుపు ఉండేది. వంశం ప్రకారం అదే న్యాయమైన రంగు, నాకూ మనసు లాగింది. కానీ మా కొరాపుట్ ఎర్రమట్టి ఆయిల్‌తో కలిస్తే సరిగ్గా ఆ రంగులోకే దిగుతుంది. నలుపుతో వచ్చే ఇబ్బందే దీనితోనూ. అందుకని నేను తేల్చుకున్నది మెషిన్ షాపుల్లో లేత్‌కి ఉండే లేత ఆకుపచ్చ, కొంచెం బూడిద కలిపి. రోజంతా ఆయిల్లో నానే యంత్రానికి ఆ రంగు ఊరికే వేయరు. బీఎంసీ కూడా మినీ ఇంజిన్లకు ఒక రకం ఆకుపచ్చే వేసింది కాబట్టి చుట్టరికం కూడా కుదురుతుంది. రాకర్ కవర్‌కీ అదే రంగు, క్రోమ్ వద్దు.

ఇంత పట్టింపు దేనికని అడుగుతారేమో. 2019 జనవరిలో సుప్రీంకోర్టు బండి అసలు రూపాన్ని మార్చకూడదని చెప్పేసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారం. 2021లో వింటేజ్ బండ్లకని వచ్చిన వీఏ సిరీస్ నంబర్ 50 ఏళ్లు దాటిన బండికి ఇస్తారు, అదీ పెద్ద మార్పులు చేయనిదానికే. బాడీ రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి. ఇంజిన్ రంగు ఆర్‌సీలో ఉండదు. మన ఇష్టానికి వదిలిన ఆ కాస్త జాగాలో కూడా ఫోన్ చూసి కాపీ కొట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఏ రంగు వేసినా పని మాత్రం శుభ్రంగా చేయించండి. మా వైపు వానల్లో కడిగి ఆరబెట్టిన పోత ఇనుముకి తెల్లారేసరికి తుప్పు పడుతుంది. థిన్నర్‌తో తుడిచిన రోజే ప్రైమర్ పడాలి. వెల్ష్ ప్లగ్‌లు (బ్లాక్ నీటి దారుల రంధ్రాలు మూసే రేకు బిళ్లలు) పాతవైతే రంగుకి ముందే మార్చాలి. డబ్బా ఎనామిల్ మీద కార్బురేటర్ నుంచి పెట్రోలు చుక్క పడితే లేచిపోతుంది, హార్డెనర్ కలిపే టూ కే పీయూ (పాలీయురెథేన్) పెయింట్ ఆగుతుంది. అది కూడా బ్లాక్‌కే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి వేస్తే మాడిపోతుంది, దానికి హీట్‌ప్రూఫ్ సిల్వర్ వేరే. ఎర్త్ పట్టీ బిగించే చోట రంగు పడనివ్వకండి, కరెంటు సరిగ్గా అందక స్టార్టర్ ఈడుస్తుంది. ఇంజిన్ నంబర్ ఉన్న చోట టేప్ వేయండి. ఆర్టీఓ ఆఫీసులో పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసేటప్పుడు అంకెలు కనబడకపోతే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సాలూరు, పార్వతీపురం, రాయగడ వైపు టూ కేలో ఈ లేత్ ఆకుపచ్చను లీటరు మాత్రమే కలిపి ఇచ్చే షాపు ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. నమూనాకి లేత్ కవర్ ముక్క నా దగ్గర ఉంది, పట్టుకొస్తాను.