కొత్త కెమెరా గారు, వారి అలకలు

ఇంటికి కొత్త కెమెరా రావడమంటే కొత్త అల్లుడు రావడమే. ఎందుకు అలిగిందో చెప్పదు, కనిపెట్టి నడుచుకోవడం మన వంతు. అలకలన్నీ త్వరగా బయటపడాలంటే దాన్ని శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం తీసుకెళ్లాలని నా సిఫారసు. చలికాలంలో అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురాలు పెట్టి పిల్లల్ని పెంచుతుంటాయి.

మొన్న మా బావ కెమెరా అక్కడికి వెళ్లింది. వెంట బావా, మేమూ వెళ్లాం.

ముందు ఫోకస్ సంగతి. జూమ్ చివరిదాకా లాగితే, కొంగకి అడ్డంగా ఉన్న చింతరెమ్మ దానికి నచ్చింది. పచ్చ గడి వెలిగించి బీప్‌మంది. ఫొటోలో ఆ రెమ్మ ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల తెల్లటి మచ్చ ఒకటుంది, అది కొంగా కాదా అన్నది చూసేవాళ్ల భక్తిని బట్టి. బటన్ సగం నొక్కి ఆగాలట, ఫోకస్ కుదిరాక మిగతా సగం నొక్కాలట. ఈ రెండు సగాల మధ్య కొంగ చెరువుకెళ్లి చేప పట్టుకురావచ్చు. పక్కన నిలబడ్డ ఊరి పెద్దాయనకి జాలేసింది.

"పిట్ట ఎల్లిపోనాది బాబూ, ఇంకేటి నొక్కుతారు?"

తర్వాతది సిద్ధాంతానికి సంబంధించిన గొడవ. లోకం సగటున బూడిద రంగులో ఉంటుందని కెమెరాలో వెలుగుని కొలిచే మీటరుకి గట్టి నమ్మకం. తన మీద పడ్డ వెలుగులో సుమారు 18 శాతం తిప్పిపంపే బూడిద రంగు దానికి ఆదర్శం. అందుకే తెల్ల కొంగని చూస్తే 'ఇంత తెలుపేమిటి' అని మసక చేస్తుంది. నల్ల గేదెని చూస్తే కాస్త తెల్లబరుస్తుంది. చివరికి ఇద్దరూ ఒకే రంగుకి వస్తారు. ఇంతటి సమసమాజం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చూడలేదు.

దీనికి మందు మెనూలోనే ఉంది, పేరు 'స్నో'. మంచు తెలుపు చూసి మీటరు మోసపోకుండా ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటోకి అందే వెలుగుని, కొంచెం పెంచే ఏర్పాటు అది. టెక్కలి ఎండలో చెమట తుడుచుకుంటూ బావ మంచు మోడ్ పెట్టాక కొంగలు మళ్లీ తెల్లబడ్డాయి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెబుతారు. ఈ రెండు జాతులకీ మన దేశమే స్వస్థలమని పక్షి నిపుణులు అంటారు. కెమెరా మాత్రం ఊరివాళ్ల పక్షం.

అదే మెనూలో 'సన్‌సెట్' కూడా ఉంది, మన బీచ్‌లో దానికి పని లేదు. కళింగపట్నంలో సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు. ఉదయం పూట వాడుకోవచ్చు గానీ ఆ వేళకి బావ లేవడు.

ఇక నవ్వు. మొహంలో నవ్వు కనిపిస్తే తనంతట తానే క్లిక్‌మనే సదుపాయం ఒకటుంది. ఫొటోకి పళ్లు చూపించడం మా పెద్దత్త దృష్టిలో మర్యాద కాదు. కళింగపట్నం లైట్‌హౌస్ ముందు ఆవిడని ఒక్కర్తినే నిలబెట్టాం. ఆవిడ పెదవులు బిగించింది, కెమెరా నవ్వు కోసం కాచుకుంది. ఇద్దరూ పట్టు వదల్లేదు. బ్యాటరీ అయిపోయింది.