వంటసోడా అగ్నిపర్వతం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ వంటసోడా అగ్నిపర్వతం గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏప్రిల్ వచ్చిందంటే ఈ ఊళ్లో మీకున్నంత డిమాండ్ మామిడిపళ్లకి కూడా ఉండదు. సమ్మర్ క్యాంప్ పోస్టర్ ఏది చూసినా మీరే, అపార్ట్‌మెంట్ లిఫ్టులో మీరే, కరెంటు స్తంభం మీద మీరే, నోట్లోంచి ఎర్రటి నురగ కక్కుకుంటూ.

మా క్లబ్‌హౌస్‌లో పెట్టిన సైన్స్ క్యాంపుకి ఈసారి కూడా ముఖ్య అతిథి మీరే కదా. పిల్లలకి తెల్లకోట్లు తొడిగారు, ప్లాస్టిక్ కళ్లజోళ్లు పెట్టారు, ‘జూనియర్ సైంటిస్ట్’ అని సర్టిఫికెట్లు ముందే ప్రింట్ చేయించి బల్ల మీద పేర్చారు, అంటే ప్రయోగం మొదలుకాకముందే ఫలితాలు వచ్చేశాయన్నమాట. అంతా పిల్లలు తమ చేతులతోనే చేస్తారని బ్రోచర్లో రాశారు. చేతులు పనిచేసిన మాట నిజమే, కాకపోతే అవి మేడమ్ గారి చేతులు. మట్టికొండ ఆవిడే చేసుకొచ్చారు, లోపల సీసా ఆవిడే దించారు, ‘మ్యాజిక్ పౌడర్’ ఆవిడే కొలిచి పోశారు. పిల్లల వంతుకి మిగిలింది తలా ఒక కప్పు వెనిగర్ ఒంపి “వావ్” అనడం. ఆ వావ్ కూడా ఫోన్లో సరిగ్గా పడలేదని రెండోసారి అనిపించారు.

మీ మీద నాకు పాతకక్షలేమీ లేవు. మీ కడుపులో జరిగేది కెమిస్ట్రీయే. సోడియం బైకార్బొనేట్ అనే వంటసోడా, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుసబుసమని పైకొస్తుంది, నీళ్లు, సోడియం ఎసిటేట్ అడుగున ఉండిపోతాయి. బాగుంది. అయితే ఆ మాత్రం దానికి అగ్నిపర్వతం అని బిరుదు తగిలించుకోవడం ఏమిటండీ?

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. అందరూ వావ్ అంటుంటే ఇది వెళ్లి మీ లావాలో వేలు ముంచింది. “మేడమ్, లావా చల్లగా ఉందేంటి?” అని అడిగింది. ఆ పూట మొత్తంలో జరిగిన సైన్స్ అదొక్కటే అని నా అభిప్రాయం. మేడమ్ “వెరీ గుడ్ క్వశ్చన్” అని మెచ్చుకుని, టిష్యూతో వేలు తుడిచి, బయట రెండో బ్యాచ్ నిలబడి ఉందని పంపేశారు. ఆవిణ్ణి ఏమీ అనను, ముప్పై మంది పిల్లలు, ముప్పావుగంట టైము, తలుపు దగ్గర మాలాంటి పేరెంట్స్, ఎవరికైనా టెన్షనే. నేను అడిగేది మిమ్మల్ని. చల్లగా ఎందుకున్నారు?

సమాధానం మీ దగ్గరే ఉంది, మీరు చెప్పరు. మీలో జరిగే చర్య చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, అందుకే గ్లాసు చల్లబడుతుంది. అసలు లావా 700 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పైగా అక్కడ సోడా, ఆమ్లం కలిసి పొంగడం లాంటిదేమీ లేదు. భూమి లోపల ఒత్తిడికి శిలాద్రవంలో కరిగి ఉన్న నీటి ఆవిరి, ఇతర వాయువులు పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు కడతాయి, ఆ బుడగలే లోపలున్నదాన్ని బయటికి తోస్తాయి. అంటే గోలీసోడా కొట్టినప్పుడు జరిగేదే. ఈ లెక్కన అగ్నిపర్వతానికి దగ్గర చుట్టం గోలీసోడా, మీరు కాదు. నిజమైనది చూపించాలంటే మన దేశంలోనే అండమాన్ దగ్గర బారెన్ ద్వీపం ఉంది, 1787లో పొంగినట్టు రికార్డుంది, మధ్యలో చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దాని ఊసు మీ క్యాంపులో ఎవరూ ఎత్తరు. మీకు పోటీ అని కాబోలు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఊరుకోలేదు. వంటింట్లో వంటసోడా తీసి, వెనిగర్ లేకపోతే నిమ్మకాయ పిండి మొదలుపెట్టింది. జ్వరం చూసే థర్మామీటర్ పెడితే ‘లో’ అని చూపించింది. “చూశావా నాన్నా!” అని గెంతింది. కాసేపటికి దానికే అనుమానం వచ్చి మామూలు నీళ్లలో పెట్టింది, అక్కడా ‘లో’. జ్వరం థర్మామీటర్‌కి అంత కిందకి కొలవడం రాదని తేలింది. చివరికి ఒక గ్లాసులో ఉత్త నీళ్లు, ఇంకో గ్లాసులో మీరు, రెండింట్లో రెండు వేళ్లు, కళ్లు మూసుకుని వాళ్ల నానమ్మని గ్లాసులు మార్చి పెట్టమంది. సర్టిఫికెట్ ఇవ్వాలంటే అప్పుడివ్వాలి. తర్వాత సోడా రెట్టింపు వేస్తే నురగ రెట్టింపు వస్తుందా అని ఒక్కో చెంచా పెంచుతూ పోయింది. కొంతదాకా పెరిగింది, ఆ తర్వాత ఎంత వేసినా తెల్లపొడి అడుగునే ఉండిపోయింది, ఎందుకంటే అవతల నిమ్మరసం అయిపోయింది. కర్నూలు నుంచి వేసవికి వచ్చిన మా అమ్మ ఇదంతా చూసి, “ఒరే, సోడాలో నిమ్మకాయ పిండితే పొంగుతుందని చూపించడానికా అంత ఫీజు గుంజారు?” అంది. అంతటితో ఆగకుండా కాస్త పసుపు, తాంబూలం డబ్బాలోంచి కాస్త సున్నం తీసి నీళ్లలో కలిపి ఎర్రగా చేసి చూపించింది, పారాణికి కలిపేది అదే. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. బట్ట మీద పసుపు మరకకి సబ్బు పెడితే ఎర్రబడేదీ ఇందుకే. మీరు పొంగే ఒక్క నిమిషం అయిపోయాక చూడ్డానికేమీ ఉండదు, ఈ గిన్నె ముందు మాత్రం వాళ్లిద్దరూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

అన్నట్టు మీ ఎర్రరంగు కడగడానికి క్లబ్‌హౌస్‌లో ఎన్ని బకెట్లు పట్టాయో అసోసియేషన్ వాళ్లని అడగండి. అవి ట్యాంకర్ నీళ్లండీ.

నా కడుపుమంటకి ఇంకో కారణం ఉంది, అది మీ తేదీ. మీరు మా క్లబ్‌హౌస్‌లో ఏసీ వేసుకుని పొంగింది ఏప్రిల్ 24 మధ్యాహ్నం. సరిగ్గా అదే పూట 12.17 ప్రాంతంలో బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చి, నిటారుగా నిలబెట్టిన దేని నీడైనా దాని కిందకే వెళ్లిపోయింది. నీడలేని రోజు అంటారు, కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లకి ఏడాదికి రెండుసార్లే ఈ యోగం. పైసా ఖర్చు లేదు, మేడ మీద ఒక నీళ్లసీసా నిలబెడితే చాలు. ఆ టైముకి మా పిల్లలంతా కర్టెన్లు వేసిన హాల్లో మీ చుట్టూ నిలబడి వావ్ అంటున్నారు. బయటికి ఎందుకు తీసుకెళ్లలేదంటే ఎండ అన్నారు.

పారేసే వస్తువులతో బొమ్మలు చేయించి సైన్స్ చెప్పే అరవింద్ గుప్తా లాంటివాళ్లు మన దేశంలోనే ఉన్నారు, ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం కింద సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి బండ ఉంది, పిల్లలు ఎక్కి జారుతుంటారు. వీటికి పోస్టర్లు ఉండవు, ఎందుకంటే వీటిలోంచి ఎర్ర నురగ రాదు.

సరే, జరిగిందేదో జరిగింది. హైదరాబాద్‌లో మా అన్నయ్య కొడుకు మే 9 ప్రాంతంలో వాళ్ల మేడ మీద సీసా పెట్టి చూశాడు, వీడియో కాల్‌లో మా అమ్మాయికి చూపించాడు. ఇప్పుడు దీనికి కొత్త అనుమానం పట్టుకుంది. ఏప్రిల్‌లో ముందు మనకొచ్చి తర్వాత అన్నయ్యవాళ్లకి వచ్చింది కదా, ఆగస్టులో మాత్రం 3వ తేదీ ప్రాంతంలో ముందు వాళ్లకొచ్చి, 18న మనకెందుకు వస్తుంది అని. అట్లాసు ముందేసుకుని టార్చ్‌లైటు పట్టుకుని కూర్చుంది, నన్ను చెప్పొద్దంది. ఆగస్టు 18న మబ్బు పట్టకపోతే మా మేడ మీదకి మీరూ రండి, మీ నీడ ఎటుపోతుందో మా అమ్మాయి చూపిస్తుంది. వెనిగర్ మాత్రం తేవద్దు.

ఇట్లు,
ఫీజు పూర్తిగా కట్టిన ఒక తండ్రి