కవిగారింట శీఘ్రదర్శనం

విజయవాడకు వచ్చిన యాత్రికుడు కృష్ణలో మునిగి, ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారిని దర్శించుకుని, ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో దిగిన తరువాత, రైలు వేళకు ఇంకా గంట మిగిలితే దాన్ని ఏం చేసుకోవాలో తెలియక స్టేషను బల్లమీద కునుకు తీస్తున్నాడు. ఈ నష్టాన్ని నివారించడానికి, మారుతీనగర్‌లో విశ్వనాథ సత్యనారాయణగారు నివసించిన ఇంటిని ఆధునిక సందర్శక కేంద్రంగా మలచేందుకు, ఎవరూ అడగకపోయినా, ఒక ప్రణాళిక సిద్ధం చేశాను.

రచయిత ఇంట్లో ఎలా మసలుకోవాలో మనవాళ్లకు తెలియదు. గుడిలో అయితే తెలుసు. కాబట్టి ధర్మదర్శనం వారికి వీధిగుమ్మం నుంచే ఒక పడక్కుర్చీ కనిపిస్తుంది (అది కవిగారిదే అయి ఉండాలన్న నియమం లేదు). మూడువందల టికెట్టు వారు దాన్ని తాకవచ్చు. వెయ్యి చెల్లించినవారికి గోత్రనామాలతో ఒక పద్యం చదివి వినిపిస్తారు గాని అర్థం చెప్పరు, చెబితే వెనక క్యూ ఆగిపోతుంది.

గాజుపెట్టెలో కలం లేనిదే మ్యూజియం కాదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ‘వేయిపడగలు’ నవలను కవిగారు 29 రోజులపాటు నోటితో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారని ప్రసిద్ధి. గొంతును గాజుపెట్టెలో పెట్టలేము గనుక చూడముచ్చటైన పాత కలమొకటి కొని, “ఆ నవల దీనితో రాయలేదు” అని నిజాయితీగా చీటీ అంటించాలని నా సూచన. ముంగిట వేయి పడగల ఫైబరు నాగుపాము కూడా ఉంటుంది. ప్రస్తుత బడ్జెట్టుకు ఏడు పడగలే వస్తాయి కాబట్టి తక్కిన 993 పడగలకూ దాతలను ఆహ్వానిస్తున్నాము.

1970లో తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చిన ‘రామాయణ కల్పవృక్షం’ ఆరు కాండల కావ్యం. దాన్ని చదివే ఓపిక సందర్శకుల నుంచి ఆశించడం అమానుషం కనుక పెరట్లో ప్లాస్టిక్ కల్పవృక్షం నాటిస్తాము. చుట్టుపక్కల కార్పొరేటు కాలేజీల పిల్లలు కోరుకున్న ర్యాంకు చీటీ మీద రాసి కొమ్మకు కట్టుకోవచ్చు. ఫలితాలకు యాజమాన్యం బాధ్యత వహించదు.

ప్రణాళికలో మిగిలిపోయిన సమస్య ఒక్కటే. ఎప్పుడైనా ఎవరో ఒకరు వచ్చి, ఆయన పుస్తకం ఇస్తే ఇక్కడే కూర్చుని చదువుకుంటానని అడగవచ్చు. అటువంటివాడు సెల్ఫీ దిగడు, లడ్డు కొనడు, సాయంత్రందాకా కదలడు. అతని కోసం చెప్పుల స్టాండు పక్కన, మెట్ల కింద ఒక కుర్చీ వేయిస్తున్నాము. ఇద్దరు వస్తే ఎలా అని చెప్పుల స్టాండు కుర్రాడు అడిగాడు, వచ్చిననాడు చూసుకుందామన్నాను.