మెడపట్టీ ఫొటో నిజమే, కింద రాసిన కథ కాదు

రాతిగోడకు గొలుసుతో వేలాడే ఇనుప మెడపట్టీ ఫొటో ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని కింద ఇలా ఉంది: "స్కాట్లండ్‌లో 300 ఏళ్ళ కిందట ఆదివారం చర్చికి రాకపోతే పాదిరి ఈ పట్టీ బిగించి చచ్చేదాకా కట్టేసేవాడు. పెళ్ళి కాకుండా కడుపొచ్చిన ఆడపిల్లల్ని తగలబెట్టేవారు. మగవాళ్ళ జోలికి పోయేవారు కాదు. అంతా పోపు ఆజ్ఞ." కొందరు దీన్ని చూసి పళ్ళు నూరుతున్నారు. ఇంకొందరు క్రైస్తవుల మీద కట్టుకథ అని కొట్టిపారేస్తున్నారు. రెండు పక్షాలూ తొందరపడుతున్నాయి.

పోపు సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. 1560 ఆగస్టులోనే స్కాట్లండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని రద్దు చేసి, క్యాథలిక్ పూజను నిషేధించింది. ఫార్వర్డ్ చెబుతున్న శిక్షలు జోరుగా సాగింది ఆ తర్వాత, మతసంస్కర్త జాన్ నాక్స్ బాట పట్టిన ప్రొటెస్టెంట్ చర్చిలో. రోముకు అందులో ఏ పాత్రా లేదు.

ఇక ఫొటో. అలాంటి పట్టీని జూగ్స్ అంటారు. ఎడింబరోలోని డడింగ్‌స్టన్ చర్చి గేటు పక్కన ఒకటి ఇప్పటికీ వేలాడుతోంది. గొళ్ళెం తీస్తే తెరుచుకునే ఇనుప కడియం, దానికో గొలుసు, అంతే. ఆదివారం ఆరాధనకు ఊరంతా లోపలికి వెళ్ళే వేళకు తప్పు చేసినవాణ్ణి అక్కడ నిలబెట్టేవారు. పక్కింటివాళ్ళు, అప్పులవాళ్ళు, పిల్లలు, అందరూ చూస్తూ వెళ్ళాలి. ఆ తర్వాత విప్పేసేవారు. తీసింది పరువు, ప్రాణం కాదు. అయినా అది చిన్న శిక్షేమీ కాదు, తర్వాత కూడా ఆ ఊళ్ళోనే బతకాలి కదా. అదీగాక, ఒక్క ఆదివారం ఎగ్గొట్టినవాడికి నేరుగా పట్టీ పడేది కాదు. మామూలుగా మందలింపు, లేదా జరిమానా. పట్టీ మొండికేసినవాళ్ళకు, నోటికొచ్చినట్టు ఊళ్ళోవాళ్ళ మీద నిందలు వేసినవాళ్ళకు.

"పాదిరి కట్టేసేవాడు" అన్న మాటా సరికాదు. తీర్పు చెప్పేది కిర్క్ సెషన్. పాదిరితో పాటు సంఘ పెద్దలు కూర్చునే సభ అది. ఆ పెద్దలెవరు? అదే ఊరి రైతులు, వర్తకులు, చేతిపనివాళ్ళు. ఒక్కొక్కరికి ఊళ్ళో ఒక్కో వాడ అప్పగించి, ఎవరు తాగి తన్నుకున్నారో, ఎవరి ఇంట్లో గొడవో కనిపెట్టి చెప్పమనేవారు. ఫిర్యాదులు మోసింది చాలావరకు ఇరుగుపొరుగే. గుమాస్తా ప్రతిదీ రిజిస్టరులో ఎక్కించాడు కాబట్టే ఈ రోజు మనం మాట్లాడుకోగలుగుతున్నాం. ఒంటి చేత్తో కొరడా పట్టిన పాదిరి బొమ్మ సినిమాకు బాగుంటుంది గానీ, ఊరే ఊరిని కాపలా కాసిన వ్యవస్థ అంతకంటే భయం పుట్టిస్తుంది నాకైతే.

పెళ్ళి కాని గర్భానికి శిక్ష ఏమిటో చూడాలంటే స్కాట్లండ్ జాతీయకవి రాబర్ట్ బర్న్స్ కేసే చాలు. 1786లో మాఖ్లిన్ గ్రామంలో జీన్ ఆర్మర్ అనే తాపీమేస్త్రి కూతురు అతనివల్ల గర్భవతి అయింది. ఆమె తండ్రికి ఈ సంబంధం బొత్తిగా ఇష్టం లేదు. సెషన్ పిలిచింది. బర్న్స్ చర్చిలో అందరి ముందూ నిలబడి మందలింపు విన్నాడు, మామూలుగా మూడు ఆదివారాల లెక్క. పాదిరి విలియం ఆల్డ్ కాస్త దయ చూపి, పశ్చాత్తాపపు పీటకు (తప్పు చేసినవాళ్ళను చర్చిలో అందరికీ కనబడేలా ఎక్కించే పీట) బదులు తన చోటులోనే నిలబడనిచ్చాడు. చివరి ఆదివారం ఆగస్టు 6. అతని మొదటి కవితల పుస్తకం కిల్మార్నక్‌లో అచ్చై బయటికొచ్చింది జూలై 31న! అంటే పుస్తకం జనం చేతిలో పడుతున్న వారంలోనే కవి చర్చిలో తలవంచుకుని నిలబడ్డాడన్నమాట. బర్న్స్ ఎందుకు లొంగాడు? బ్రహ్మచారిని అని ధ్రువపత్రం కావాలి, అది ఇచ్చేది ఆ చర్చే. రెండేళ్ళ తర్వాత ఇద్దరి పెళ్ళినీ అదే సెషన్ ఒప్పుకుంది, మళ్ళీ మందలించి. బర్న్స్ పేదల నిధికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) ఇచ్చాడు.

సెషన్ పట్టు అంతా అక్కడుంది. ఊరు మారాలంటే మంచి నడవడి పత్రం కావాలి. బిడ్డకు బాప్తిస్మం కావాలి. ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో) కూర్చోవాలంటే ముందే పెద్దలు ఇచ్చిన సీసపు బిళ్ళ చూపించాలి. వేలిగోరంత బిళ్ళ, మీద పారిష్ (ఆ చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరులోని అక్షరాలు, కొన్నిటి మీద సంవత్సరం. అది రాలేదంటే ఊరికంతా తెలిసిపోయినట్టే. మన పల్లెల్లో వెలి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి తగలబెట్టడం? స్కాట్లండ్‌లో మంటల్లో వేసింది మంత్రగత్తెలని ముద్ర పడినవారిని. అదీ చాలాసార్లు ముందు గొంతు నులిమి, తర్వాత శవాన్ని కాల్చేవారు. 1563 చట్టం కింద మరణశిక్ష వేసింది ప్రభుత్వ న్యాయస్థానాలు. అలాగని చర్చి చేతులు కడుక్కోలేదు: అనుమానితుల్ని పట్టి ప్రశ్నించి, సాక్ష్యం పోగుచేసి అప్పగించింది చాలాచోట్ల ఈ సెషన్లే. దాదాపు 3,800 మంది మీద ఆ ఆరోపణ వచ్చింది, ఎక్కువమంది ఆడవాళ్ళు. 1736లో ఆ చట్టం రద్దయింది.

"మగవాళ్ళ జోలికి పోయేవారు కాదు" అన్నది రిజిస్టర్లు చూస్తే నిలవదు. తండ్రెవరో చెప్పమని ఆమెను నిలదీసి, అతన్నీ పిలిచేవారు, అదే పీట ఎక్కించేవారు. ఒప్పుకోనివాడి చేత ప్రమాణం చేయించేవారు. కానీ సమానమంటే మాత్రం నేను ఒప్పుకోను. కడుపు కనబడుతుంది, మగవాడు ఓడ ఎక్కేస్తాడు, లేదా సైన్యంలో చేరతాడు. డబ్బున్నవాడికి ఇంకో దారి. బర్న్స్ స్నేహితుడు, మాఖ్లిన్ లాయరు గావిన్ హామిల్టన్ మీద ఆదివారం నియమాలు తప్పాడని సెషన్ పడితే, అతను ఎయిర్ ప్రెస్బిటరీకి (సెషన్ల పైనుండే చర్చి సభ) వెళ్ళి గెలిచి వచ్చాడు. ఇళ్ళల్లో పనిచేసే పిల్ల ప్రెస్బిటరీ దాకా ఎక్కడికి పోతుంది?

ఆ పిల్లకు మిగిలింది దాచుకోవడం. ఫార్వర్డ్ రాసినవాడికి తెలియని అసలు ఘోరం ఇక్కడుంది. 1690లో స్కాట్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది: గర్భాన్ని దాచి, కాన్పుకు ఎవరినీ పిలవకుండా ఉన్న స్త్రీ బిడ్డ చనిపోయి కనిపించినా, కనిపించకుండా పోయినా హత్య కిందే లెక్క. బిడ్డ చనిపోయే పుట్టిందేమో అన్న ప్రశ్నకు చోటే లేదు. ఊళ్ళో పసికందు శవం దొరికితే సెషన్ పెళ్ళికాని ఆడవాళ్ళను వరసగా పిలిపించి, రొమ్ముల్లో పాలున్నాయేమో మంత్రసానుల చేత పరీక్ష చేయించిన సందర్భాలున్నాయి. పాలు కనబడితే కేసు కోర్టుకు. ఆ చట్టం కింద స్త్రీలు ఉరికంబం ఎక్కారు. పీట మీద నిలబడాల్సి వస్తుందన్న భయంతో దాచారు, దాచినందుకు ప్రాణం పోగొట్టుకున్నారు. 1809లో గానీ ఆ చట్టం మారలేదు. అప్పటినుంచి దాచిన నేరానికి శిక్ష గరిష్ఠంగా రెండేళ్ళ జైలు.